పాడుపెట్టె పాడెడు పెట్టె యగుట

మన తెలుగున "పాడు" అను మాటకు రెండర్థములు కలవు. చెడిపోయినదియు పాడే, గానము చేయుటయు పాడుటయే. ఇంట మూలబడిన రేకుపెట్టెను చూచి, "ఈ పాడుపెట్టె నెవరికైన ఇచ్చివేయరాదా" అని గృహిణులు విసుగుకొనుట మీరెఱుగుదురు. ఆ పాడుపెట్టెయే పాడెడు పెట్టె కాగల విధమును నేడు మీకు విన్నవింపదలచితిని. మంచి రేకుడబ్బా యొకటి, ఎండిన కఱ్ఱ యొకటి, తీగలు మూడు: ఇవి యున్నచో పల్లెలోని పిల్లవాడు తన చేతులతో గిటారును చేసికొనగలడు. చేయుటెట్లు, చేసిన పిమ్మట అది పలుకుటెట్లు, దానివలన పెద్దలకేమి పని యను మూడు సంగతులను క్రమముగా చెప్పెదను.

గిటారు పేరు విన్నంతనే మనలో కొందఱు మొగము చిట్లింతురు. అది దొరల వాద్యమనియు, సినిమాలవారి వాద్యమనియు, మన పల్లెలకు పొసగదనియు వారి యభిప్రాయము. కాని దాని యంగములను విడదీసి చూడుడు. వీణకు దండి కలదు, గిటారునకును కలదు. వీణకు మెట్లు, బిరడలు, గుర్రము, మేరువు కలవు. గిటారునకు నవి యన్నియు కలవు. వీణకు పనసచెక్కతో తొలిచిన కుండ యున్నట్లే గిటారునకు పలుచని చెక్కలతో కూర్చిన బోలుపెట్టె యున్నది. ఒకటి స్పెయిను దేశమున పెరిగి లోకమంతటికి వ్యాపించినది. ఒకటి బొబ్బిలిలోను, నూజివీటిలోను మన పనివాండ్ర యులిదెబ్బలకు రూపుదిద్దుకొన్నది. రెండును తంత్రీవాద్యములే. వీనికంటె పేదయైన చుట్టము మన కిన్నెర. వెదురుదండి, ఎండిన సొరకాయ బుఱ్ఱలు, మైనముతో నతికిన మెట్లు: ఇదే దాని రూపము. నాగర్‌కర్నూలు ప్రాంతమునకు చెందిన దర్శనం మొగిలయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించి 2022వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదమును పొందిరి. బుఱ్ఱకథకుని భుజముపై తంబురయు నీ కుటుంబములోనిదే. పల్నాటి యుద్ధమును బుఱ్ఱకథగా చెప్పి ప్రఖ్యాతిగాంచిన షేక్ నాజర్‌గారు మన గుంటూరు మండలములోని పొన్నెకల్లువారు. 1986లో వారికి పద్మశ్రీ లభించెను. కాబట్టి బోలుగానున్న పాత్రను దండికి కట్టి తీగను బిగించుట మనకు క్రొత్త విద్య కాదు. సొరకాయ స్థానమున రేకుపెట్టె వచ్చుటయే క్రొత్త.

ఇతర దేశములందును లేమియే ఈ విద్యకు తల్లి. అమెరికా దేశమున పేదలు చుట్టల పెట్టెలకు కఱ్ఱను దూర్చి ఫిడేళ్ళు, గిటారులు చేసికొనిరి. పొగాకు పండించిన మన ప్రాంతమువారికి చుట్టల పెట్టె యెట్టిదో చెప్పనక్కఱలేదు. 1861 మొదలు 1865 వఱకు నచట జరిగిన అంతర్యుద్ధములో సైనికు డొకడు చుట్టలపెట్టె ఫిడేలు వాయించుచుండగా ఎడ్విన్ ఫోర్బ్సు అను చిత్రకారుడు చిత్రించెను; ఆ చిత్రము 1876లో ప్రకటితమయ్యెను. దక్షిణాఫ్రికాలో తొలుత ఎండుకాయ బుఱ్ఱతోను, తరువాత నూనెడబ్బాతోను చేయబడిన "రాంకీ" యను వాద్యము కలదు. 1927లో అమెరికాలోనే జాన్ డోప్యేరా అను పనివాడు కంపెనీ పక్షమున లోహపు గిటారులను వెలువరించెను. విద్యుత్తుతో ధ్వనిని పెంచు సాధనములు ప్రచారములోనికి రాకపూర్వము, తక్కిన వాద్యముల మ్రోతలో గిటారు వినబడుట లేదని, లోపల పలుచని అల్యూమినియపు గిన్నె నమర్చి దాని పలుకును హెచ్చించెను. అనగా రేకు నాశ్రయించుట పేదలకే పరిమితము కాలేదు. పరాగ్వే దేశపు రాజధాని ప్రక్కన కతేవురా అను చెత్తదిబ్బ యున్నది. అచటి పిల్లలకు ఫావియో చావెస్ అను నాయన 2006 ప్రాంతమున సంగీతము నేర్పనారంభించెను; నేర్చుకొన వచ్చిన వారందఱకు వాద్యములు చాలకపోగా, దిబ్బపై దొరకిన డబ్బాలతోను, పీపాలతోను వాద్యములను చేయించి పిల్లల మేళమును నిలబెట్టెను. ఆ మేళము పిమ్మట అనేక దేశములలో వాయించి వచ్చినది.

ఇక పెట్టె యెందులకో తెలిసికొందము. రెండు మేకులను రాతిగోడకు కొట్టి వాని నడుమ తీగను బిగించి మీటుడు. తీగ కదలుట కంటికి కనబడును గాని ధ్వని చెవికి లీలగా మాత్రమే సోకును. తీగ సన్నము, అది గాలిని కత్తివలె చీల్చుకొని పోవునే కాని విసనకఱ్ఱవలె త్రోయజాలదు. అదే తీగను డబ్బామీదనున్న గుర్రముపైకెక్కించి మీటినచో, తీగ కదలిక గుర్రము ద్వారా రేకునకు దిగును. రేకు విశాలమైనది, పలుచనిది. అది కదలినప్పుడు చాల గాలిని కదలించును. లోపలి గాలియు దానితోపాటు స్పందించును. అందువలన ధ్వని పెద్దదగును. అయితే పెట్టె తనంతట తాను క్రొత్త శక్తిని పుట్టింపదు. వ్రేలు తీగ కిచ్చిన శక్తినే త్వరగా గాలికి పంచిపెట్టును. కావుననే పెద్దగా పలికెడు వాద్యమున స్వరము త్వరగా నడగును. రేకుపెట్టె పలుకు వీణ పలుకువలె మెత్తగా సాగక కొంచెము గరుకుగా, గణగణమని వినబడుటకు రేకు యొక్క కాఠిన్యమే కారణము.

పెట్టె నెన్నుకొనునప్పుడు మొదటి మాట. పురుగుమందు వచ్చిన డబ్బాను ఎట్టి పరిస్థితిలోను తాకరాదు. పత్తియు, మిరపయు పండెడు మన పల్నాటిలో నట్టి డబ్బాలు గట్లమీద దొరకును. ఎన్ని మాఱులు కడిగినను ఆ విషము పూర్తిగా పోయినదని నమ్మరాదు. రంగులు, ఆమ్లములు వచ్చిన డబ్బాలును పనికిరావు. బిస్కత్తులు వచ్చిన రేకుడబ్బా శ్రేష్ఠము. పుస్తకములు పెట్టుకొనుటకు పిల్లలు వాడి విడిచిన చిన్న అల్యూమినియపు పెట్టెయు పనికివచ్చును. సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల లోతు ఉన్నచో చాలును. పెట్టెను బోర్లించుడు. అడుగు భాగము వాద్యమునకు ముఖమగును. మూత వెనుకవైపునకు వచ్చును. ఇట్లు చేసినచో ముఖము ఏకఖండముగానుండి బాగుగా పలుకును. లోపల మరమ్మతు కావలసినప్పుడు మూతను తీయవచ్చును.

దండికి బాగుగా నెండిన టేకుగాని, వేపగాని, ముడులు లేక తిన్ననైన కఱ్ఱ కావలెను. వెడల్పు 4 సెంటీమీటర్లు, మందము రెండున్నర. పొడవు లెక్క యిది: బిరడలుండు శిరస్సునకు 12, మేరువు మొదలు పెట్టె యంచు వఱకు 42, పెట్టె లోపలి భాగమునకు 25, వెనుక పొడుచుకొని యుండు తోకకు 3, మొత్తము 82 సెంటీమీటర్లు. పెట్టె యొక్క రెండు చిన్న ప్రక్కలయందును, ముఖమునకు కొంచెము దిగువగా, కఱ్ఱ సరిగా దూరునంత రంధ్రములను గుర్తించి కోయవలెను. ఈ కోతపని పెద్దవారి యెదుటనే జరుగవలెను. కోసిన రేకు కత్తికంటె వాడి. చేతులకు మందపు గుడ్డ చుట్టుకొనవలెను. అంచులను పటకారుతో లోపలికి మడచి ఆకురాయితో రాయవలెను. తుప్పురేకు గీచుకొన్నచో నుపేక్షింపక వైద్యుని చూడవలెను. ధనుర్వాతము పరిహాసము కాదు.

కఱ్ఱను దూర్చునప్పుడు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి. కఱ్ఱ పైభాగము లోపల ముఖమునకు తగులరాదు. మూడు మిల్లీమీటర్ల సందు ఉండవలెను. తగిలినచో చేయి వేసి పట్టుకొన్న గంటవలె రేకు మూగదగును. ఈ సందువలన పెట్టె వెలుపల దండి ముఖముకంటె పల్లమగును గనుక, దండిపై ఆఱు మిల్లీమీటర్ల మందముగల చెక్కపట్టెను జిగురుతో నతికింపవలెను. మెట్లు ఈ పట్టెమీదనే వచ్చును. కఱ్ఱ కదలకుండుటకు రెండు ప్రక్కల రేకునకు లోపలనుండి చిన్న చెక్కముక్కలను చేర్చి మరమేకులతో బిగింపవలెను. గాలి యాడుటకు ముఖముపై దండివైపు మూలలయందు మేకుతో జల్లెడవలె చిన్న రంధ్రములను పొడిచిన చాలును.

గుర్రమును గట్టి వెదురుబద్దతోగాని, చేవగల కఱ్ఱతోగాని, ఒక సెంటీమీటరు ఎత్తున చేయవలెను. దానిని అతికింపరాదు, తీగల యొత్తిడికే అది నిలుచును. రేకు పలుచనిదై క్రుంగుచున్నచో గుర్రము క్రింద పలుచని చెక్కబిళ్ళ నుంచవలెను. పెట్టె తోకవైపు అంచునుండి 7 సెంటీమీటర్ల లోపల దాని స్థానము. అపుడు మేరువు మొదలు గుర్రము వఱకు సరిగా 60 సెంటీమీటర్లగును. తోకయందు బరమాతో మూడు సన్నని రంధ్రములను తొలిచి తీగలను దూర్చవలెను. తీగ కొననున్న పూస అచట అడ్డుపడును. తీగ రేకు అంచున ఒరసికొని తెగకుండ చెక్కముక్క నొకదానిని అడ్డముంచవలెను. శిరస్సున గిటారులకు వాడు పళ్ళచక్రపు బిరడలను మూడింటిని బిగింపవలెను. తీగలను మాత్రము కొనవలసినదే. ఆఱుతీగల కట్టలో సన్నని తీగనుండి లెక్కింపగా 3, 4, 5 సంఖ్యల తీగలు మన పనికి వచ్చును. బిగించునపుడు మొగమును ప్రక్కకు త్రిప్పికొనవలెను. తెగిన తీగ కంటికి హాని చేయును.

ఇప్పుడు మెట్లు. మహాశయులారా, ఇచట మీరు కొంచెము శ్రద్ధ వహింపవలెను. ఇదియే ఈ విద్యకు గుండెకాయ. తీగ పొడవును 60 సెంటీమీటర్లుగా నిర్ణయించుట ఊరక కాదు. గుర్రమునుండి కొలిచి ఈ దూరములలో మెట్లను గుర్తింపుడు. మెట్టు నొక్కకుండ మీటిన 60 షడ్జము. 53 సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్లు రిషభము. 48 గాంధారము. 45 మధ్యమము. 40 పంచమము. 36 ధైవతము. 32 నిషాదము. 30 తారషడ్జము. బడిపిల్లవాని కొలబద్దతో శంకరాభరణ రాగపు ఆరోహణ మీ చేతికి వచ్చినది. తీగలో సగము తారషడ్జము. మూడింట రెండు పాళ్ళు పంచమము. నాలుగింట మూడు పాళ్ళు మధ్యమము. అయిదింట నాలుగు పాళ్ళు గాంధారము. మన చెవికి తీయగా తోచు స్వరములన్నియు నిట్టి చిన్న చిన్న భిన్నములయందే కూర్చుండియున్నవి. పొడవు తగ్గినకొలది స్వరము హెచ్చును. బిగువు హెచ్చినను స్వరము హెచ్చును. తీగ లావగుకొలది స్వరము తగ్గును. ఈ నియమములను మెర్సెన్ అను ఫ్రెంచి పండితుడు 1636లో గ్రంథస్థము చేసెను. వాని ప్రకారము స్వరమును ఒక స్థాయి పెంచుటకు పొడవును సగము చేసిన చాలును. బిగువుతోనే పెంచదలచినచో నాలుగింతలు బిగింపవలసి వచ్చును, తీగ తెగును. వాద్యమునకు మెట్లేల యనువారి కిదియే సమాధానము.

మెట్లకు పాత సైకిలు చక్రపు పుల్లలను ముక్కలుగా కోసి వాడవచ్చును. తొలుత వానిని అతికింపక దారముతో కట్టి, చెవికి సరిపడువఱకు జరుపవలెను. తీగను నొక్కినపుడు దాని బిగువు కొంచెము హెచ్చును గనుక స్వరము లెక్కకంటె రవ్వంత పైకి పోవును. గుర్రమును ఒకటి రెండు మిల్లీమీటర్లు తోకవైపునకు జరిపినచో ఆ దోషము సర్దుకొనును. సగమున నున్న మెట్టునొద్ద పలికిన షడ్జము, మీటిన షడ్జమునకు సరిగా రెండవ స్థాయి యగునో కాదో చూచుటయే పరీక్ష. సరిపడిన పిమ్మట మెట్లను గట్టిగా నతికింపవచ్చును. స్వరము గిజగిజలాడినచో ఏదో యొక మెట్టు ఎత్తుగానున్నదని గుర్తించి ఆకురాతితో దింపవలెను.

శ్రుతి చేయు విధము సులభము. లావుతీగ మంద్రషడ్జము, నడిమి తీగ పంచమము, సన్నని తీగ మధ్యషడ్జము. ఏది షడ్జమనగా, పాడువాని గొంతునకు హాయిగానున్నదే షడ్జము. తీగలు సహించునంతలో దానిని కొంచెము హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. సన్నని తీగపై పాటను వాయించుచుండగా తక్కిన రెండు తీగలు తంబురవలె శ్రుతి పట్టుచుండును. సాధారణమైన గిటారునకు స్థాయి యొక్కింటికి పండ్రెండు మెట్లుండును. మన పెట్టెకు ఏడే చాలును. ఏడు మెట్లపై పట్టు దొరకిన పిమ్మట, వాయించువాని చెవి కోరిన చోట తక్కిన మెట్లను చేర్చుకొనవచ్చును.

నేను పనిచేసిన యొక పాఠశాలలో ఏడవ తరగతి విద్యార్థి యొకడు భిన్నములనిన భయపడి బల్లక్రిందికి తల వంచెడివాడు. వాని తల్లి మిరపకోతలకు పోవు కూలి. గిటారు కావలెనని వాడు మారాము చేయగా, ఆమె నా యొద్దకు వచ్చి, "అయ్యా, వీనికి బుద్ధి చెప్పండి" అని కోరినది. నేను వానిచేత ఈ పెట్టెను చేయించితిని. అఱువదిలో మూడింట రెండు పాళ్ళెంత యని పలకపై నడిగిన చెప్పలేనివాడు, తీగపై నలువది యొద్ద వ్రేలుంచి పంచమమును వినిపించెను. "పంతులుగారూ, ఇంకొక వ్రేలివెడల్పు జరిగిన పాట చెడుచున్నది" అని తానే చెప్పెను. భిన్నము తప్పినచో ఏమి చెడునో వాని చెవికి తెలిసినది. ఆ సంవత్సరము గణితమున వాడు ఉత్తీర్ణుడయ్యెను. అంతకంటె నాకు ముఖ్యముగా తోచిన దొకటి యున్నది. వాని నాయనమ్మ నాట్లు వేయునప్పుడు పాడుకొన్న పాటలను మఱచితిననుకొన్నది. పెట్టెపై షడ్జ పంచమములు మ్రోగుచుండగా ఆమె గొంతు దానంతటది లేచి, ఒక్కొక్క చరణమే జ్ఞప్తికి తెచ్చుకొన్నది. మనుమడు దానిని మెట్లపై వెదకి పట్టుకొనెను. ఆమె యిపుడు లేదు. ఆ పాటలలో నాలుగు మాత్రము వానియొద్ద నున్నవి. తక్కిన వెన్ని యుండెనో ఎవ్వరికిని తెలియదు.

పెద్దలారా, మీతో మనవి చేయదలచిన ముఖ్యవిషయ మిదియే. కారెంపూడిలో వీరుల తిరునాళ్ళయందు పల్నాటి వీరచరిత్రమును పాడు వీరవిద్యావంతుల పరంపర కలదు గనుక ఆ కథ నిలిచినది. మన యిండ్లలోని దంపుళ్ళ పాటలకు, ఊయలపాటలకు, నాట్లపాటలకు అట్టి పరంపర లేదు. అవి మీ నాలుకలమీద నున్నవి, మీతో పోవును. పిల్లలకు చేతులును, ఉత్సాహమును కలవు. పాడుటకు పాట లేదు. పిల్లవాడు డబ్బాపై దరువు వేయగానే "ఆ గోల చాలించు" అని గద్దించుట మన యలవాటు. ఆ గద్దింపుతో వాని చేయి ఆగును. మీ పాటను అడుగవలసిన నోరును మూతపడును.

రేకుపెట్టె వీణ కాదని నేనెఱుగుదును. గమకములు దానిపై నంతగా పలుకవు. ఎండకు దండి వంగును. వానకాలమున రేకు తుప్పుపట్టును. సంగీతమును శాస్త్రముగా నభ్యసింపదలచినవానికి గురువును, మంచి వాద్యమును పిమ్మట వెదకవలసినదే. కాని గురువునొద్దకు పోవుటకు ముందు చెవి తెఱువవలెను. సీతాపహరణ వృత్తాంతమును శ్రీరాముడు విన్న తావగుటచే మన కొండకు వినుకొండ యను పేరు వచ్చెనని స్థలపురాణము. వినుట మన యూరి పేరులోనే యున్నది. ఈ సెలవులలో మీ మనుమడు రేకుడబ్బా నడిగినచో, పురుగుమందు డబ్బా కాదుగదా యని చూచి యిండు. కోతకు దగ్గఱ కూర్చుండుడు. వడ్రంగినడిగి ఎండిన కఱ్ఱ నిప్పింపుడు. మూడు తీగలు శ్రుతి కలిసిన నాడు, మీకు వచ్చిన పాట నొకటి వానికి పాడి వినిపింపుడు.